కొలిచేటప్పుడు మాట్లాడొద్దు

బస్తీ దవాఖానల సిస్టర్ చెయ్యి చాపమన్నది.
పట్టీ చుట్టి, బుడ్డి ఒత్తుకుంట
"కొలిచేటప్పుడు మాట్లాడొద్దు" అన్నది.
నూట డెబ్బై, నూట పది.
"నలభై ఏండ్లకే ఇంతనా! ఎప్పటి సంది?"

ఇప్పుడు మాట్లాడొచ్చా సిస్టర్?

మూడో తరగతి సంది.
విజయనగర్ కాలనీ సర్కారు బడి, తెలుగు మీడియం.
మా అమ్మ మక్తల్ మనిషి, తెలుగే చదవాలని ఆమె పట్టు.
నాయన ఏసీ గార్డ్స్ సిద్దీ,
బరాత్‌లల్ల మర్ఫా కొట్టేటోడు.
హాజరు పట్టీల నా పేరు యాకూత్.
బల్లల మీద, గోడల మీద, నోళ్లల్ల వేరే పేర్లుండె.
అవి ఇప్పుడు చెప్ప,
మీ టేబుల్ శుభ్రంగ ఉన్నది.

రుక్మాబాయి టీచర్ చెడ్డది కాదు.
కరెంటు పోయిన రోజు
"యాకూత్, జర నవ్వురా, ఏడున్నవో కనవడ్తలేవు" అన్నది.
అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.
నేను నవ్వుడే తప్పయిందని
ఇరవై ఏండ్లు అనుకున్న.

వెనక బెంచీ పోరలు ఒక ఆట కనిపెట్టిన్రు,
నా జుట్టుల పెన్సిలు గుచ్చుడు.
పడకుంటే ఒక పాయింటు.
ఒకనాడు పదకొండు పెన్సిళ్లు.
కదిలితే మొనలు దిగుతయని
బిగవట్టి కూసున్న.
బోర్డు మీద పదిహేడో ఎక్కం,
పదిహేడు తొమ్ముల నూటయాభై మూడు, నాకు నోటికొచ్చు.
చెయ్యి లేపలే.
లేపితే అరచెయ్యి కనవడ్తది.
"ఇటు తెల్లగ, అటు నల్లగ ఎట్లరా" అని తిప్పి చూస్తరు,
సున్నమేమోనని గోరుతోని గీకుతరు.

పదో తరగతిల లెక్కలకు ముప్పై నాలుగొచ్చినయి.
ఒక్క మార్కు.
ఇప్పుడు రెడ్ హిల్స్‌ల ఒక ఆస్పత్రి పార్కింగుల
స్లిప్పులు చించుత.
ఎన్ని బండ్లయినా సరే, మిషన్ లేకుండ
లెక్క చెప్త, తప్పది.

"నవ్వి ఊకో బేటా" అనేటోడు నాయన.
ఆయన జీవితమంత నవ్విండు.
ఆయన కొట్టుడుకు దుంకి దుంకి ఆడినోళ్లే
మెహదీపట్నంల ఇల్లు కిరాయికి అడిగితే
తాళంచెవి దొరుకుతలేదన్నరు.
ఒక్కదినమే మూడిండ్ల తాళంచెవులు పోయినయి!
నలభై తొమ్మిదేండ్లకు కుడి పక్క పడిపోయింది.
నోరు ఒక దిక్కు వంకరవోయి
ఆఖరుకు గూడ నవ్వినట్టే ఉండె.
వంశంల బీపీ ఉన్నదా అని మీ కాగితంల ఉన్నది కద,
టిక్కు పెట్టుకోండ్రి.

పెండ్లయిన కొత్తల నస్రీన్ నా తల నిమరవోయింది.
ఆమె మణికట్టు దొరకవట్టుకున్న.
నాలుగు వేళ్ల గుర్తులు వారమున్నయి.
ఎందుకని ఆమె అడగలే,
అడిగితే చెప్పనీకె నాకు తెల్వది.
పదకొండేండ్లాయె.
నాకు జ్వరమొస్తె
ఆమె చెయ్యి నుదుటి కాడికొచ్చి ఆగుతది.

మొన్న బుధవారం
మా బిడ్డ మర్జానా బడి నుంచొచ్చింది,
జుట్టుల పెన్సిలు.
"ఎవడు గుచ్చిండు" అని అరిసిన.
చేతిల ఉన్న గిలాస గోడకు వోయి పలిగింది.
పిల్ల తలుపెనక నక్కింది.
"ఎవరు లేరు పప్పా, నేనే పెట్టుకున్న.
సుమేధకు నిలవదు, నాకు నిలుస్తది.
లెక్క చేస్తప్పుడు తీసుకుంట, మల్ల పెట్టుకుంట."
వణుకుకుంటనే తల ఊపి చూపెట్టింది.
పెన్సిలు పడలే.

ఆమె గూడ మూడో తరగతే సిస్టర్.
పెద్దయినంక ఈ ఏడు యాదికొస్తె
పోరల మాటలు యాదికొస్తయా,
గిలాస పలిగిన సప్పుడా?
అది ఆలోచిస్తె నిద్ర వస్తలేదు.

గోలీలు రాయండ్రి, ఏస్కుంట.
ఉప్పు తగ్గిస్త.
ఇంకోపారి కొలుస్తరా?
అరచెయ్యి పైకి పెట్టమన్నరు.
పెట్టిన.